రీస్టార్ట్ కొట్టే ముందు, బుజ్జమ్మా

బుజ్జమ్మా,

బెంగళూరు పీణ్యా ఫ్యాక్టరీలో మెయిల్ సర్వర్ ఇక నువ్వే చూసుకుంటావని అక్క ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత ఈ పని నీకే వచ్చిందని ఎంత పొంగిపోయానో! భయమూ ఉంది. "మెయిల్ మాటిమాటికీ కట్ అవుతోంది" అని నాలుగు సీట్ల నుంచి ఒకేసారి కేకలు వేస్తే పక్కన చెప్పేవాళ్లుండరు.

సర్వర్ గుర్తింపు చూపే సర్టిఫికెట్ రెన్యూ అయితే చాలదు, మెయిల్ అందించే డవ్‌కాట్ ప్రోగ్రామ్‌ని రీలోడ్ చెయ్యి. డిస్క్ నిండిందేమో చూడు. అరగంట ఉలుకూ పలుకూ లేని కనెక్షన్‌ని సర్వర్ తెంపితే తప్పు పట్టకు, సర్వర్‌లోని మెయిల్ చదివే పద్ధతి ఐమ్యాప్, దాని నియమమే ఆ హక్కు ఇచ్చింది. సర్వర్ జరిగినవన్నీ రాసుకునే లాగ్‌లో 'ఇనాక్టివిటీ' అని ఉంటే తెంపింది సర్వర్. 'కనెక్షన్ క్లోజ్డ్' అని ఉంటే అవతలి మనిషి ల్యాప్‌టాప్, వైఫై, దారిలోని ఫైర్‌వాల్ వైపు చూడు.

అసలు చెప్పాల్సింది రీస్టార్ట్ గురించి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో మా పై ఇంజనీరుకి ఏ జబ్బుకైనా అదే మందు. అక్కడ పర్చేజ్ వాళ్లు నలుగురూ ఒకే మెయిల్‌బాక్స్‌ని కంప్యూటర్లలో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో తెరిచేవాళ్లు, ఫోన్లలో కూడా. ఆఫీసంతటికీ బయటి ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో కనిపించే చిరునామా, ఒక్కటే. ఒక్కో థండర్‌బర్డ్ 5 కనెక్షన్ల దాకా తెరుస్తుంది. డవ్‌కాట్ మనం మార్చకపోతే ఒక యూజర్‌కి ఒక ఐపీ నుంచి 10 మించి ఒప్పుకోదు. ఆపైన వచ్చినదాన్ని తిప్పి పంపుతుంది. ఫోన్లో యాప్ మాత్రం పాస్‌వర్డ్ మళ్లీ అడిగేది. పాపం వాళ్లు గుర్తొచ్చినవన్నీ కొట్టేవాళ్లు. 5 సార్లు తప్పగానే ఫెయిల్‌టుబ్యాన్ అనే కాపలా ప్రోగ్రామ్ ఆ ఐపీని 10 నిమిషాలు మూసేసేది. ఐపీ ఒక్కటే కదా, అందరి మెయిలూ ఆగిపోయేది. ఆయన పరుగున వచ్చి రీస్టార్ట్ కొట్టి టీ తాగేలోపు ఆ గడువు దానంతటదే తీరిపోయేది. "చూశారా, రీస్టార్ట్‌తో పోయింది" అనేవారు. ఆఫీసంతా నమ్మింది. ఆ గొడవలోనే ఒక టెండరు మెయిల్ గడువు దాటాక వెళ్లింది. ఆ తర్వాత కొత్తగా చేరిన కుర్రాడొకడు లాగ్ తెరిచి చదివాడు. కనెక్షన్ల హద్దు దాటిందని, ఏ యూజరో, ఏ ఐపీయో, అన్నీ రోజూ అందులో రాసే ఉన్నాయి.

అందుకే ముందు 'doveadm who' అనే డవ్‌కాట్ కమాండ్ కొట్టి ఎవరికి ఎన్ని కనెక్షన్లున్నాయో లెక్కపెట్టు. కట్ అయిన టైము కాగితం మీద రాసుకో. ఫెయిల్‌టుబ్యాన్ ఎవరిని ఆపిందో చూడు. హద్దు కాస్త పెంచవచ్చు, థండర్‌బర్డ్‌లో కనెక్షన్లు తగ్గించవచ్చు. ఆఫీసు ఐపీని ఫెయిల్‌టుబ్యాన్ మినహాయింపులో పెట్టే ముందు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించు. లోపలి మెషిన్‌కే వైరస్ పడితే ఆపేదెవరు?

ఎవరైనా గట్టిగా అరిస్తే ఆలోచన కన్నా ముందు నీ చెయ్యి కదులుతుంది, చిన్నప్పటి నుంచీ ఇంతే! ఎండీ నెత్తిమీద నిలబడినా "రెండు నిమిషాలు లాగ్ చదవనివ్వండి సార్" అను. అలా అడగడం నీ పనే తల్లీ, భయపడకు.

రాత్రి మెట్రో ఆగిపోయే వేళ దాటితే ఒంటరిగా బయల్దేరకు. మారతహళ్లి నుంచి దూరమైనా బాబాయి కారు తీసుకొస్తారు. తోచకపోతే ఏ వేళైనా ఫోన్ చెయ్యి, లాగ్ ఇద్దరం కలిసి చదువుదాం.

నీ పిన్ని