మీ ప్రశ్న – మా జవాబు

ప్రశ్న: కియాంటి వైన్‌లో ఏ ద్రాక్షలు కలపాలో చెప్పింది ఇటలీ ప్రధానమంత్రి అని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: నిజమేనమ్మా. కియాంటి అంటే ఇటలీలోని టస్కనీ ప్రాంతపు ఎర్ర వైన్. ఆ ప్రధాని పేరు బెత్తీనో రికాసోలి. 1861లో తొలి ప్రధాని కవూర్ చనిపోయాక ఇటలీకి రెండో ప్రధాని అయ్యారు. టస్కనీ కొండల్లో గయోలె ఊరి దగ్గర బ్రోలియో కోట వాళ్లది, 1141 నుంచీ ఆ వంశానిదే. ఏళ్ల తరబడి ద్రాక్షలు కలిపి చూసి, 1872లో పీసా విశ్వవిద్యాలయ ఆచార్యుడికి ఉత్తరం రాశారు: సాంజొవేసె అనే ఎర్రద్రాక్ష వాసనా, సత్తువా ఇస్తుంది, కనయోలో అనే మరో ఎర్రద్రాక్ష దాని గరుకుదనం తగ్గిస్తుంది, తెల్లద్రాక్ష మాల్వాసియా మాత్రం త్వరగా తాగేసే వైన్‌కే, నిల్వ పెట్టేదానికి వద్దు.

ఆ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఈ ఆఖరి మాటే. తర్వాతివాళ్లు దాన్ని గాలికొదిలేసి తెల్లద్రాక్ష ఇష్టమొచ్చినట్టు కలిపారు, కియాంటి పేరు పాడైంది. ఎంత అన్యాయం! కియాంటి పాత, అసలు ప్రాంతంలో చేసే కియాంటి క్లాసికో వైన్‌లో 2006 పంట నుంచి తెల్లద్రాక్షను పూర్తిగా నిషేధించారు.

మధ్యలో రికాసోలి వంశం వైన్ వ్యాపారం బయటి కంపెనీల చేతుల్లోకి పోయింది. 1993లో వారసుడు ఫ్రాంచెస్కో రికాసోలి దాన్ని వెనక్కి తెచ్చుకుని, బ్రోలియోలోని తెల్లటి సున్నపురాళ్ల నేలలో తోటలు మళ్లీ నాటించారు.