పీఏ స్కూళ్ళన్నీ రిజెక్ట్ చేశాయి. మళ్ళీ అప్లై చేసేటప్పుడు ఏం మార్చాలి?

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది: గుంటూరులో బీఫార్మసీ చదివారు, పెళ్ళయ్యాక టెక్సాస్ వచ్చారు, గ్రీన్ కార్డు ఉంది. కమ్యూనిటీ కాలేజీలో ప్రీరిక్విజిట్లు, అంటే పీఏ కోర్సులో చేరే ముందే చదవాల్సినవి, 36 క్రెడిట్లు చేశారు, జీపీఏ 3.3. మందుల షాపులో ఫార్మసీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నారు. సెప్టెంబరులో పది ఫిజిషియన్ అసిస్టెంట్ (పీఏ, డాక్టర్లతో కలిసి పేషెంట్లను చూసి వైద్యం చేసే ఉద్యోగం) స్కూళ్ళకు అప్లై చేస్తే ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ఇంట్లోవాళ్ళు ఇది వదిలేసి ఏదైనా ఐటీ కోర్సు చెయ్యమంటున్నారు.

నేను విశాఖలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేసి వచ్చినదాన్ని. మొదటిసారి నన్నూ అన్ని స్కూళ్ళూ వద్దన్నాయి, తర్వాతి అడ్మిషన్ సైకిల్లో సీటు వచ్చింది. ఇప్పుడు ఒహాయోలో ఆర్థోపెడిక్స్‌లో పీఏగా చేస్తున్నాను. ఇండియా డిగ్రీతో వచ్చినవాళ్ళకు ఇక్కడ ఎక్కడెక్కడ అడ్డు తగులుతుందో అప్పుడు బాగా తెలిసింది.

ముందు ఒక విషయం చూడండి. పదింటిలో ఒక్కరు కూడా ఇంటర్వ్యూకి పిలవలేదంటే మీ కథ నచ్చక కాదు, చాలాచోట్ల అది చదివే దాకా రాలేదు. కాగితం మీద అంకెల దగ్గరే ఫైలు ఆగిపోయింది. ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వెయిట్‌లిస్టులో ఉండిపోయినవాళ్ళు సరిచేసుకోవాల్సింది వేరు. మీరు ఇప్పుడు ఇంటర్వ్యూ కోచింగుకో, ఎస్సే ఎడిటింగుకో డబ్బు పెట్టకండి. మీ ఫైలు ఆగడానికి నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది మీ పని గంటలు.

కాస్పాలో, అంటే పీఏ స్కూళ్ళకు అందరూ అప్లై చేసే ఉమ్మడి ఆన్‌లైన్ అప్లికేషన్‌లో, అనుభవాన్ని రెండు రకాలుగా రాయాలి కదా, పేషెంట్ కేర్ ఒకటి, హెల్త్ కేర్ ఒకటి. ఫార్మసీ టెక్నీషియన్ పనిని చాలా స్కూళ్ళు రెండోదాని కిందే వేస్తాయి. మీరు మొదటిదాని కింద రాసినా వాళ్ళు మార్చి లెక్కపెడతారు. కౌంటర్ వెనక ఎన్ని వేల గంటలు నిలబడ్డా, పేషెంటు ఒంటి మీద చెయ్యి వేసి చేసిన పని సున్నా అంటారు. అన్యాయం అనిపిస్తుంది, కానీ దాని వెనక ఈ వృత్తి చరిత్రే ఉంది. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదటి పీఏ క్లాసు మొదలుపెట్టినప్పుడు చేరిన నలుగురూ నేవీలో గాయపడ్డవాళ్ళకు వైద్యం చేసి వచ్చిన కోర్‌మెన్. చేతికి పని వచ్చినవాళ్ళకు రెండేళ్ళు గట్టిగా చదువు చెప్తే చాలు అన్నదే ఆయన ఆలోచన. ఈ రోజుకీ కోర్సు సగటున 27 నెలలే. పేషెంటు ముందు ఎలా ఉండాలో కొత్తగా నేర్పే టైము అందులో లేదు.

కాబట్టి మీరు ఉద్యోగం మారాలి. సీఎన్‌ఏ (నర్సుల కింద పేషెంట్లను చూసుకునే సహాయకులు), మెడికల్ అసిస్టెంట్, ఈఎంటీ (అంబులెన్సులో పనిచేసేవాళ్ళు), ఫ్లెబోటమిస్ట్ (టెస్టులకు రక్తం తీసేవాళ్ళు), వీటిలో ఏదైనా సరే. సీఎన్‌ఏకి ఫెడరల్ రూలు ప్రకారం కనీస ట్రైనింగు 75 గంటలు, రాష్ట్రాన్ని బట్టి ఇంకొంచెం ఎక్కువ, ఆపైన పరీక్ష. అన్నిటిలోకీ తొందరగా దొరికేది అదే. క్లినిక్కుల్లో మెడికల్ అసిస్టెంట్‌గా కొందరు సర్టిఫికెట్ లేకుండానే తీసుకుని నేర్పిస్తారు, ఫోన్ చేసి అడగడంలో తప్పులేదు. డాక్టర్ పక్కన ఉండి నోట్సు రాసే స్క్రైబ్ పని బాగానే ఉంటుంది, డాక్టర్ ఆలోచన దగ్గర్నుంచి వింటాం. అయితే కొన్ని స్కూళ్ళు దాన్ని పేషెంట్ కేర్‌గా ఒప్పుకోవు. రెండోసారి అప్లై చేస్తూ మళ్ళీ ఆ ఇరకాటంలో పడడం ఎందుకు?

నేను ఎంచుకున్నది నర్సింగ్ హోమ్‌లో సీఎన్‌ఏ. ఫోన్లో మా అమ్మ అన్న మాట ఇప్పటికీ గుర్తే. "ఎమ్మెస్సీ చదివించింది ముసలాళ్ళకి డైపర్లు మార్చడానికా?" అంది. మీ ఇంట్లోనూ ఈ మాట వస్తుంది, ముందే సిద్ధంగా ఉండండి. ఆ పని నిజంగానే కష్టం. నడుం నొప్పి, జీతం తక్కువ, పండగ రోజు కూడా షిఫ్టు. కానీ పుస్తకాల్లో దొరకనిది అక్కడే దొరికింది. రోజూ నన్ను పేరు పెట్టి పిలిచే ఒక పెద్దాయన ఒక సాయంత్రం నన్ను గుర్తుపట్టలేదు, అన్నం పక్కకు నెట్టేశాడు. జ్వరం లేదు. మతిమరుపు ముదిరింది అనుకుని ఊరుకోవచ్చు. నిన్నటికీ ఇవాళ్టికీ అంత తేడా రావడం మామూలుగా లేదని నర్సుకు చెప్పాను. టెస్టు చేయిస్తే యూరిన్ ఇన్ఫెక్షన్. పెద్ద వయసులో ఇన్ఫెక్షన్ ఒక్కోసారి ముందు అయోమయంగానే బయటపడుతుందని అప్పుడు తెలిసింది. మీరు టీమ్‌లో ఎలా పనిచేస్తారని తర్వాత ఇంటర్వ్యూలో అడిగితే ఇదే చెప్పాను. ప్యానెల్లో ఉన్నావిడ రాసుకోవడం ఆపి వినడం మొదలుపెట్టింది. ఫార్మసీలో పనిచేస్తున్నన్నాళ్ళూ మీకు ఇలాంటి సంఘటన దొరకదు.

గంటల లెక్క తేలికే. వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేస్తే 36 గంటలు, ఏడాదికి సుమారు 1,800. చాలా స్కూళ్ళు అడిగే కనీసం 500 నుంచి 2,000 మధ్య ఎక్కడో ఉంటుంది. కనీసం అంటే కనీసమే, సీటు వచ్చేవాళ్ళు దానికి పైన ఉంటారు. చెయ్యబోయే గంటలను ఎక్కువ స్కూళ్ళు లెక్కలోకి తీసుకోవు, అప్లై చేసే రోజుకు ఎంత ఉందో అంతే.

ఇక జీపీఏ. ఇక్కడ మీకు తెలియకుండానే ఒక అవకాశం ఉంది. విదేశీ కోర్సులను కాస్పా తన జీపీఏ లెక్కలో కలపదు. మీ బీఫార్మసీ మార్కులను డబ్ల్యూఈఎస్‌తో (విదేశీ డిగ్రీలను అమెరికా లెక్కలోకి మార్చి చెప్పే సంస్థ) ఇవాల్యుయేషన్ చేయించి పంపినా, కాస్పా జీపీఏ అంటే మీ 36 క్రెడిట్లే. చిన్న కుండలో పోసిన నీళ్ళలా మీకు నాలుగు కోర్సులతోనే మట్టం పైకి వస్తుంది. ఇంకో 12 క్రెడిట్లు చేసి అన్నిటిలో 'ఏ' గ్రేడు తెచ్చుకుంటే 3.3 కాస్తా 3.47 అవుతుంది. ఇక్కడే డిగ్రీ చేసి 130 క్రెడిట్లు ఉన్న అమ్మాయి అదే కష్టం పడితే 3.36 దగ్గర ఆగిపోతుంది. బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, పాథోఫిజియాలజీ లాంటివి తీసుకోండి, వీలైతే నాలుగేళ్ళ యూనివర్సిటీలో. పాత కోర్సు మళ్ళీ చేస్తే పాత గ్రేడు పోదు, కాస్పా రెండూ కలిపి సగటు కడుతుంది. అందుకని అనాటమీ, ఫిజియాలజీలో సి ఉంటే మళ్ళీ చెయ్యండి, స్టాటిస్టిక్స్‌లో బి వచ్చిందని దిగులుపడకండి.

మూడోది టైమింగ్. కాస్పా ఏటా ఏప్రిల్ చివర్లో తెరుచుకుంటుంది. చాలా స్కూళ్ళలో రోలింగ్ అడ్మిషన్, అంటే వచ్చిన ఫైళ్ళు వచ్చినట్టే చూసి పిలుస్తూ పోతారు. మీరు సెప్టెంబరులో పంపారు. దాన్ని కాస్పా వెరిఫై చెయ్యడానికి కొన్ని వారాలు. ఫైలు స్కూలుకు చేరేటప్పటికి ఇంటర్వ్యూ తేదీలు చాలావరకు నిండిపోయి ఉంటాయి. డెడ్‌లైన్ అన్న మాట కూడా జాగ్రత్తగా చదవాలి. కొన్నింటికి ఆ తేదీకి సబ్మిట్ చేస్తే చాలు, కొన్నింటికి అప్పటికే వెరిఫై అయ్యి ఉండాలి. మే, జూన్‌లలో పంపడమే మంచిది. అలాగని ఇంకా రెండు నెలల్లో తెరుచుకునే సైకిల్లోనే పాత ఫైలు మళ్ళీ పంపాలని తొందరపడకండి. ఇంతకుముందు అప్లై చేశారా అని అడుగుతారు, అప్పటినుంచి ఏం మారిందో రాయమని కొన్ని స్కూళ్ళు విడిగా ప్రశ్న పెడతాయి. ఆ పెట్టెలో రాయడానికి గట్టిగా ఏమీ లేకపోతే ఇంకో ఏడాది ఆగడమే నయం. మీ విషయంలో నేనైతే ఆగమనే అంటాను.

ఎస్సే గురించి ఒక్కటే. ఫార్మసీ చదివి పీఏ ఎందుకు అన్నది మీ ఫైలు తెరిచిన ప్రతివాళ్ళకూ వచ్చే అనుమానం. 2003 నుంచి పాసైన విదేశీ ఫార్మసీ పట్టభద్రులకు ఇక్కడ ఫార్మసిస్ట్ దారిలోకి రావాలంటే అయిదేళ్ళ కోర్సు ఉండాలి, మన బీఫార్మసీ నాలుగేళ్ళు. కమిటీలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఉంటారు. ఆ తలుపు మూసుకుంది కాబట్టి ఇటు వచ్చారనుకుంటారు. దాన్ని దాచిపెట్టి "చిన్నప్పటినుంచీ సేవ చెయ్యాలని" అని రాస్తే నమ్మరు. మందు ఇచ్చి పంపేశాక ఆ మనిషి ఏమయ్యాడో మీకు తెలిసేది కాదు, దాన్ని తెలుసుకునే చోట ఉండాలనిపించింది అని రాయండి, అది నిజమైతే. 5,000 క్యారెక్టర్లే ఇస్తారు, స్పేసులతో కలిపి. కోర్సుల వివరాలు, ట్రాన్స్‌క్రిప్టులు పాత అప్లికేషన్ నుంచి తెచ్చుకోవచ్చు గానీ పర్సనల్ స్టేట్‌మెంట్, రికమండేషన్ లెటర్లు కొత్తగానే పెట్టాలి. లెటర్లలో గుంటూరు ప్రిన్సిపల్ గారిది తీసెయ్యండి. మీ పని కళ్ళారా చూసిన ఒక పీఏ రాసింది కావాలి. క్లినిక్కులో పని దొరికితే అదీ దానంతటదే కుదురుతుంది.

స్కూళ్ళ ఎంపిక మొత్తం మళ్ళీ చెయ్యాలి. ప్రతి స్కూలు అడ్మిషన్ పేజీలో మూడు సంగతులు చూడండి: విదేశీ డిగ్రీని ఇవాల్యుయేషన్‌తో ఒప్పుకుంటుందా లేక అమెరికా డిగ్రీయే కావాలా, గ్రీన్ కార్డు ఉన్నా టోఫెల్ అడుగుతుందా, ప్రీరిక్విజిట్లకు ఇన్నేళ్ళలోపు అని గడువు పెట్టిందా. మీరు అప్లై చేసిన పదింటినీ ఈ ప్రశ్నలతో ఒకసారి చూడండి, రెండు మూడు మొదటి ప్రశ్న దగ్గరే రాలిపోతే నేను ఆశ్చర్యపోను. మూడేళ్ళ బీఎస్సీవాళ్ళకు ఇది ఇంకా ఇబ్బంది, మీది నాలుగేళ్ళు కావడం నయం. అనుమానం ఉంటే ఫోన్ కాదు, ఈమెయిల్ పెట్టండి, జవాబు రాతపూర్వకంగా ఉంటుంది. అదే ఈమెయిల్లో పోయినసారి ఫైలు మీద ఫీడ్‌బ్యాక్ ఇస్తారా అని కూడా అడగండి. ఎక్కువమంది ఇవ్వరు, ఇచ్చే ఒకరిద్దరి మాట చాలా పనికొస్తుంది. పీఏ స్కూళ్ళకు గుర్తింపు ఇచ్చే ఏఆర్‌సీ-పీఏ దగ్గర ఆ స్కూలు అక్రెడిటేషన్ ప్రొబేషన్‌లో ఉందేమో, కోర్సు అయ్యాక రాసే పాన్స్ అనే జాతీయ పరీక్ష మొదటి ప్రయత్నంలో పాసైనవాళ్ళ శాతం ఎంతో చూడకుండా ఏ స్కూలుకూ డబ్బు కట్టకండి. పాస్ శాతాలు స్కూళ్ళు తమ వెబ్‌సైట్లో పెట్టి తీరాలి.

డబ్బు సంగతి మీవారితో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోను కొత్తగా తీసుకునేవాళ్ళకు 2026 జూలై 1 నుంచి లేదు, ఇన్నాళ్ళూ పీఏ విద్యార్థులు ఎక్కువగా దాని మీదే నడిచారు. కోర్సు చేస్తూ ఉద్యోగం చెయ్యడం కుదరదు, చాలా స్కూళ్ళు ఒప్పుకోవు కూడా. మీరు టెక్సాస్ రెసిడెంట్ కాబట్టి డల్లాస్‌లో యూటీ సౌత్‌వెస్టర్న్, ఫోర్ట్‌వర్త్‌లో యూఎన్‌టీ హెల్త్ సైన్స్ సెంటర్, గాల్వెస్టన్‌లో యూటీఎంబీ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీల రెసిడెంట్ ఫీజు ముందు చూసుకోండి, ప్రైవేటువి ఆ తర్వాత.