సర్వర్ పడిపోయాక పోస్ట్‌గ్రెస్ ఇండెక్సులు: రీఇండెక్స్ కొట్టే ముందు చూడాల్సినవి

మీరు చెప్పింది ఇదీ: ఆదోని జిన్నింగ్ మిల్లులో రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది, సర్వర్ బోర్డు కాలిపోయింది. డిస్కు తీసి కొత్త మిషన్‌కు పెట్టారు. పాత ఉబుంటు 18.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) బదులు 22.04 వేసి, అదే డేటా ఫోల్డరుతో పోస్ట్‌గ్రెస్ 13 (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) నడిపారు. సర్వర్ మామూలుగానే లేచింది. కానీ పార్టీ కోడ్ కొట్టి వెతికితే కొన్ని దొరకడం లేదు, మొత్తం జాబితా తెరిస్తే మాత్రం అవే కనిపిస్తున్నాయి. రీఇండెక్స్ కొడితే, అంటే త్వరగా వెతకడానికి ఉండే ఇండెక్సులను మళ్లీ కట్టిస్తే, సరిపోతుందా అని అడిగారు.

కొట్టాల్సిందే, కానీ అది మొదటి పని కాదు. ఇంకో సంగతి, మీ లక్షణాలను బట్టి తప్పు కరెంటుది కాదు, ఉబుంటు మార్పుది.

పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందు వాల్ అనే చిట్టా ఫైళ్లలో రాసుకుంటుంది. హఠాత్తుగా ఆగిపోయినా, తిరిగి లేచేటప్పుడు చివరి చెక్‌పాయింట్ (అప్పటిదాకా మార్పులన్నీ డిస్కుకు చేరిన గుర్తు) నుంచి ఆ రాతలను మళ్లీ నడిపించి టేబుళ్లను, ఇండెక్సులను సరిచేసుకుంటుంది. ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్కుకు చేరేలా చూసేది), ఫుల్_పేజ్_రైట్స్ (సగం రాసిన పేజీలను సరిదిద్దేందుకు వీలిచ్చేది) అనే సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండి, రాయకుండానే రాశానని డిస్కు అబద్ధం చెప్పకుండా ఉంటే మామూలు రకమైన బీ-ట్రీ ఇండెక్సు కరెంటు కోతకు చెడిపోదు. హ్యాష్ అనే ఇంకో రకం ఇండెక్సులకు మాత్రం 10వ వెర్షన్‌కు ముందు ఈ రక్షణ లేదు. మీది 13 కాబట్టి ఆ బెంగ అక్కర్లేదు. వేగం కోసం ఎవరైనా ఎఫ్‌సింక్ ఆఫ్ చేసి పెట్టారేమో మాత్రం 'షో ఎఫ్‌సింక్' అని చూసుకోండి. ఆఫ్ అని వస్తే ఇండెక్సులనే కాదు, టేబుళ్లను కూడా నమ్మకూడదు.

ఇక అసలు దోషి. అక్షరాల వరసను పోస్ట్‌గ్రెస్ సొంతంగా నిర్ణయించుకోదు, మామూలుగా లినక్స్‌లోని గ్లిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. 2018లో వచ్చిన గ్లిబ్‌సీ 2.28లో ఆ వరస నియమాలు పెద్ద ఎత్తున మారాయి. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27, 22.04లో ఉన్నది 2.35. అంటే మీ ఇండెక్సు పాత వరసలో పేర్చి ఉంది, వెతికేవాడు కొత్త వరస ప్రకారం వెతుకుతున్నాడు. ఒక మలుపు దగ్గర ఎడమకు వెళ్లాల్సింది కుడికి వెళ్లి, లేదని చెప్పేస్తాడు. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. డేటాబేస్ కొల్లేషన్ (అక్షరాల వరస) వెర్షన్ మారిందని హెచ్చరించడం పోస్ట్‌గ్రెస్ 15వ వెర్షన్‌లో మొదలైంది.

ఇది తేల్చుకోవడం సులువు. 1-1, 11 అనే రెండింటినీ రెండు లైన్లలో రాసి, ఇంగ్లీషు యూటీఎఫ్-8 లొకేల్ (భాష సెట్టింగు)తో సార్ట్ కమాండుకు ఇవ్వండి. పాత గ్లిబ్‌సీలో 11 ముందు వస్తుంది, కొత్తదానిలో 1-1 ముందు వస్తుంది. మధ్యలో గీత ఉన్న పార్టీ కోడ్లు, డోర్ నంబర్లు, సర్వే నంబర్లే ఎక్కువగా దొరక్కుండా పోవడానికి కారణం ఇదే. అంకెల, తేదీల కాలమ్‌ల మీద ఉన్న ఇండెక్సులకు ఏమీ కాదు. టెక్స్ట్, వార్‌కార్ కాలమ్‌ల మీదవన్నీ అనుమానించాల్సినవే, తెలుగు పేర్లున్నవి కూడా. 'షో ఎల్‌సీ_కొల్లేట్' అంటే సీ (అక్షరాలను బైట్ల విలువ ప్రకారమే పేర్చేది) అని వస్తే మాత్రం ఈ కారణం కాదు, వేరేది వెతకాలి.

ఇప్పుడు పని. ముందుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆపండి. ఇది వాయిదా వేయకూడదు. ఇండెక్సు కోడ్‌ను చూడలేకపోతే, ఉన్న పార్టీనే గుమస్తా మళ్లీ కొత్తగా ఎక్కిస్తాడు, యూనిక్ ఇండెక్సు కూడా అడ్డుకోదు. గంట గంటకూ నకళ్లు పెరుగుతాయి.

తర్వాత పోస్ట్‌గ్రెస్‌ను కూడా ఆపి, డేటా ఫోల్డరు మొత్తాన్ని వేరే డిస్కుకు కాపీ చేయండి. టేబుల్‌స్పేస్‌లు (టేబుళ్లు దాచే అదనపు ఫోల్డర్లు) వేరేచోట ఉంటే అవీ కలపాలి. జాగా కోసం పీజీ_వాల్ ఫోల్డరులో ఫైళ్లు తీసేసే పాడు అలవాటు కొందరికి ఉంది, దాని జోలికి పోవద్దు. డిస్కు కూడా ఆ రాత్రి దెబ్బ తిని ఉండొచ్చు కనుక డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండుతో పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమైన చోట్లు) చూడండి. సున్నా కాకపోతే ముందు డీడీరెస్క్యూ అనే సాధనంతో డిస్కు మొత్తం కాపీ తీసుకుని, కాపీ మీదే పని చేయండి.

మూడోది, టేబుళ్లు బాగున్నాయా అని చూడటం. ఇండెక్సును టేబుల్ నుంచి ఎన్నిసార్లయినా కట్టుకోవచ్చు, టేబుల్‌ను ఇండెక్సు నుంచి కట్టలేం. పోస్ట్‌గ్రెస్‌ను మళ్లీ లేపి, పీజీ_డంప్ నడిపి అవుట్‌పుట్‌ను ఒక ఫైలులోకి తీసుకోండి. అది ప్రతి వరసనూ చదువుతుంది కాబట్టి చదవలేని పేజీ ఉంటే అక్కడే ఆగుతుంది, పైగా చేతిలో ఒక బ్యాకప్ మిగులుతుంది. అయితే డంప్ సాఫీగా అయినంత మాత్రాన మీ ఇండెక్సులు బాగున్నట్టు కాదు.

ఇండెక్సులను పరీక్షించేది యామ్‌చెక్ ఎక్స్‌టెన్షన్ (పోస్ట్‌గ్రెస్‌కు జోడించే అదనపు భాగం). అందులోని బీటీ_ఇండెక్స్_చెక్ ఫంక్షన్‌కు ఇండెక్సు పేరు, రెండో విలువగా ట్రూ ఇవ్వండి. ఆ ట్రూ వల్ల టేబుల్‌లోని ప్రతి వరసా ఇండెక్సులో ఉందా అని కూడా చూస్తుంది, కాబట్టి నిదానంగా నడుస్తుంది. 'ఐటెమ్ ఆర్డర్ ఇన్వేరియంట్ వయొలేటెడ్' అని టెక్స్ట్ ఇండెక్సుల మీద మాత్రమే వస్తే నేను చెప్పిన కారణం ఖాయం. అంకెల ఇండెక్సుల మీద కూడా తప్పులు వస్తే అప్పుడు డిస్కునో ర్యామ్‌నో అనుమానించాలి.

చాలామంది తడబడేది నకళ్ల దగ్గర. యూనిక్ ఇండెక్సును తిరిగి కట్టేటప్పుడు ఒకే కోడ్ రెండుసార్లు ఉంటే 'కుడ్ నాట్ క్రియేట్ యూనిక్ ఇండెక్స్' అని ఆగిపోతుంది. అందుకే ముందే గ్రూప్ బై పెట్టి, కౌంట్ 1 కన్నా ఎక్కువున్న కోడ్లు తీయండి. ఆ క్వెరీ చెడిన ఇండెక్సునే వాడుకుంటే జవాబూ తప్పే వస్తుంది. కాబట్టి అదే సెషన్‌లో ఎనేబుల్_ఇండెక్స్‌స్కాన్, ఎనేబుల్_ఇండెక్స్ఓన్లీస్కాన్, ఎనేబుల్_బిట్‌మ్యాప్‌స్కాన్ మూడూ ఆఫ్ చేయండి. దొరికిన జంటల్లో పాత వరసను ఉంచి, కొత్తదాని పేరు మీద పడ్డ బిల్లులను, తూకం చీటీలను పాతదానికి మార్చాకే కొత్తదాన్ని తొలగించాలి. ఇది గుమస్తాను పక్కన కూర్చోబెట్టుకుని చేయాల్సిన పని, స్క్రిప్టుకు వదిలేయొద్దు.

అప్పుడు 'రీఇండెక్స్ డేటాబేస్', పక్కన మీ డేటాబేస్ పేరు. దానికి ముందు అదే సెషన్‌లో మెయింటెనెన్స్_వర్క్_మెమ్‌ను (ఇండెక్సు కట్టేటప్పుడు వాడుకునే మెమరీని) పెంచండి. మామూలుగా 64 ఎంబీ ఉంటుంది, 16 జీబీ ర్యామ్ ఉన్న మిషన్‌లో 1 జీబీ ఇవ్వొచ్చు. కొత్త ఇండెక్సు పూర్తయ్యేదాకా పాతది కూడా ఉంటుంది కాబట్టి అన్నిటికన్నా పెద్ద ఇండెక్సుకు రెట్టింపైనా ఖాళీ జాగా ఉంచుకోండి. 12వ వెర్షన్ నుంచి కన్‌కరెంట్‌లీ అనే సౌకర్యం ఉంది, పని ఆపకుండా కట్టుకోవచ్చు. కానీ మీకు వద్దంటాను. కట్టేంతసేపూ తప్పు ఇండెక్సు మీద జనం పని చేస్తూనే ఉంటారు, మధ్యలో ఆగితే సీసీన్యూ అని చివర్లో ఉన్న పనికిరాని ఇండెక్సు మిగిలిపోతుంది, దాన్ని మీరే డ్రాప్ చేయాలి. సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఆపారు కాబట్టి మామూలు రీఇండెక్సే కొట్టండి. అయ్యాక అనలైజ్ నడపండి, క్వెరీ ప్లాన్లకు వాడే గణాంకాలు కూడా పాత వరసలోనే ఉంటాయి.

డేటాబేస్ పాతిక ముప్పై జీబీ లోపు అయితే ఇంకో దారి నాకు ఎక్కువ ఇష్టం: నకళ్లు తీసేశాక మళ్లీ డంప్ తీసి, కొత్త క్లస్టర్ (కొత్త డేటా ఫోల్డరు)లో రీస్టోర్ చేయడం. ఇండెక్సులన్నీ కొత్త వరసలో పుడతాయి, ఫారిన్ కీ తప్పులుంటే అక్కడే బయటపడతాయి. కట్టేటప్పుడే కోడ్ కాలమ్‌లకు సీ కొల్లేషన్ పెట్టేస్తే రేపు ఉబుంటు మార్చినా వాటి వరస కదలదు.

మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో ఇండెక్సు చెడి ఇటు చూస్తున్నవాళ్లకు ఒక మాట: ఇన్నోడీబీ రకం టేబుల్ మీద రిపేర్ టేబుల్ కమాండు పనిచేయదు, అది ముఖ్యంగా మైఐసామ్ రకం టేబుళ్ల కోసం. ఇన్నోడీబీలో ప్రైమరీ కీ ఇండెక్సే టేబుల్ కాబట్టి అది చెడితే డంప్, రీలోడ్ తప్ప దారి లేదు. సెకండరీ ఇండెక్సు చెడితే డ్రాప్ చేసి మళ్లీ కట్టండి. సర్వర్ లేవకపోతే వాడే ఇన్నోడీబీ_ఫోర్స్_రికవరీ సెట్టింగును 1 నుంచి ఒక్కో మెట్టూ పెంచాలి. 4, ఆపైన డేటాకే ముప్పు.

యూపీఎస్ విషయానికొస్తే, బ్యాటరీని ఎండ తగిలే గదిలో పెట్టకండి. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల దగ్గర చెప్పిన ఆయుష్షు 35 దగ్గర దాదాపు సగమవుతుంది, మన కర్నూలు జిల్లా ఎండల సంగతి చెప్పక్కర్లేదు. యూఎస్‌బీ వైరు కలిపి నట్ సాఫ్ట్‌వేర్ పెడితే ఛార్జ్ తగ్గగానే సర్వర్ తనంతట తానే సరిగ్గా ఆగుతుంది.

రీఇండెక్స్ తర్వాత కూడా 'ఇన్వాలిడ్ పేజ్ ఇన్ బ్లాక్' అని కనిపిస్తే అందులోని రిలేషన్ నంబరు ఏ టేబుల్‌దో చూసి, ఆ లాగ్ లైన్లు ఇక్కడ పెట్టండి. అంతవరకు పీజీ_రీసెట్‌వాల్ కమాండు గానీ, జీరో_డ్యామేజ్డ్_పేజెస్ సెట్టింగు గానీ ముట్టుకోకండి.