ఇంగ్లండ్‌లో సిటిజన్‌షిప్ టీచర్ ఉద్యోగం

ప్రశ్న: హైదరాబాదులో రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ., ఆపై బి.ఎడ్. చేసి, కొన్నేళ్లు సోషల్ పాఠాలు చెప్పాను. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చాను. ఇక్కడ సిటిజన్‌షిప్ (పౌరవిద్య) టీచరుగా శిక్షణ పొందితే ఉద్యోగం దొరుకుతుందా?
— ఒక పాఠకురాలు, బర్మింగ్‌హామ్

జవాబు: దొరుకుతుందమ్మా, కానీ ఆ ఒక్క సబ్జెక్టునే నమ్ముకుంటే కష్టం. రాజనీతిశాస్త్రవేత్త బెర్నార్డ్ క్రిక్ కమిటీ 1998లో ఇచ్చిన నివేదిక ఫలితంగా 2002లో సిటిజన్‌షిప్ సెకండరీ స్థాయి జాతీయ పాఠ్యప్రణాళికలో చేరినా, చాలా బడుల్లో దానికి వారానికొక పీరియడ్ దక్కడమే గొప్ప. అదీ తరచుగా చరిత్ర టీచరుకో, క్లాస్ టీచరుకో అప్పగిస్తారు.

విదేశీ టీచర్లకు నేరుగా క్యూ.టి.ఎస్. (ఇంగ్లండ్‌లో అర్హత పొందిన టీచరు) హోదా ఇచ్చే దారి 2023లో భారతీయులకూ తెరుచుకుంది గాని, అది గణితం, సైన్సు, భాషలు చెప్పేవారికే పరిమితం కనుక మీరు పి.జి.సి.ఇ. (డిగ్రీ తర్వాత చేసే టీచరు శిక్షణ కోర్సు) చేయడమే మేలు. అందులో కనీసం రెండు బడుల్లో కలిపి 120 రోజులు పనిచేయాలి. ముందుగా, విదేశీ చదువులను ఇక్కడి చదువులతో పోల్చి చెప్పే యు.కె. ఎనిక్ సంస్థ నుంచి, మీ డిగ్రీ ఇక్కడి ఏ చదువుకు సమానమో తెలిపే పత్రం తెప్పించుకోండి.

క్యూ.టి.ఎస్. ఏ ఒక్క సబ్జెక్టుకో కట్టుబడిన హోదా కాదు కాబట్టి, శిక్షణలో ఉండగానే చరిత్రో, మతవిద్యో కొన్ని తరగతులకు చెప్పే అవకాశం అడిగి తీసుకోండి. ప్రకటనల్లో ‘హ్యుమానిటీస్ టీచర్’ అన్న పేరు కిందే మీకు పనికొచ్చే ఖాళీలు కనిపిస్తాయి. ఇంటర్వ్యూ రోజున పాఠం చెప్పి చూపమంటారు. మన పంచాయతీరాజ్ పాఠం అక్కడ అక్కరకు రాదు. జీతం లేని సామాన్య పౌరులు మేజిస్ట్రేట్లుగా కూర్చుని తీర్పు చెప్పే ఇక్కడి పద్ధతి వంటిది సిద్ధం చేసుకోండి. సెప్టెంబరులో చేరే ఉద్యోగాలకు, పాత టీచర్ల రాజీనామా గడువైన మే 31 లోపే నియామకాలు జోరుగా సాగుతాయి గనుక, కోర్సు ముగిసేదాకా ఆగకుండా ఫిబ్రవరి నుంచే దరఖాస్తు చేయండి.