నైరోబీలో విద్యుత్ బైకులు తయారు చేయాలంటే ముందు ఎవరిని కలుపుకోవాలి?

కెన్యాలోనే తయారయ్యే విద్యుత్ మోటారు సైకిళ్ల కోసం భాగస్వాములను వెతుకుతున్నామనీ, ముందుగా బ్యాటరీ తయారీదారును కలవాలా, పెట్టుబడిదారును కలవాలా అనీ మీరు అడిగారు. నైరోబీలో బైకుల విడిభాగాల వ్యాపారం చేస్తున్నవాడిగా చెబుతున్నాను: ఆ ఇద్దరికంటే ముందు బోడాబోడా, అంటే మోటారు సైకిల్ టాక్సీ, నడిపేవారి సహకార సంఘాన్నీ, రోడ్డు పక్క షెడ్లలో పనిచేసే జువాకాలీ (చిన్న స్వతంత్ర చేతిపనివారు) వెల్డర్లనూ కలుపుకోండి.

ఇంధనం గురించి కెన్యాలో సందేహం అక్కరలేదు. ఒల్కారియా భూతాప కేంద్రాలు, జలవిద్యుత్తు, తుర్కానా సరస్సు దగ్గరి 310 మెగావాట్ల గాలిమరల పుణ్యమా అని ఇక్కడి కరెంటులో అత్యధిక భాగం బొగ్గు, చమురు కాల్చకుండానే వస్తోంది. పెట్రోలు మాత్రం మొత్తం దిగుమతే. పక్కనున్న టాంజానియా లెక్క వేరు. సొంగో సొంగో సహజవాయు క్షేత్రం వారి సొంతం కనుక దార్ ఎస్ సలాంలో బజాజ్ ఆటోలు సీఎన్‌జీతో తిరుగుతున్నాయి. ఆఫ్రికా అంతటికీ ఒకే బండి చాలునంటూ వచ్చేవారిని అందుకే నేను నమ్మను.

కొంతకాలం క్రితం ఒక విదేశీ సంస్థ పరీక్ష కోసం ఇక్కడ కొన్ని విద్యుత్ బైకులు ఇచ్చింది. వాటిలో కిబేరా వైపు తిరిగే ఒక కుర్రవాడి బండికి వెనుక సీటు కింది ఫ్రేము అతుకు దగ్గర విరిగింది. అతడు ఇద్దరు ప్రయాణికులనో, ఒక బంగాళాదుంపల బస్తానో ఎక్కించుకొని తిరిగేవాడు. అది అధిక భారమని చెప్పి సంస్థవారు వారంటీ నిరాకరించారు. నిజానికి ఈ ఊళ్లో అది ప్రతి బోడాబోడా రోజూ మోసే బరువే. నేను ఆ బండిని కరియోబాంగిలోని ఒక పెద్దాయన వెల్డింగు షెడ్డుకు తీసుకువెళ్లాను. ఆయన విరిగిన చోటును వేలితో తడిమి చూసి, ముందుగా బ్యాటరీని విప్పించి, భారమంతా అతుకు మీదే పడకుండా రెండు గొట్టాలకూ పంచుకుపోయేలా మూలకు ఒక త్రికోణపు ఇనుప పలక వేశారు. పెట్రోలు బైకులకు ఈ పని కొన్న వారంలోనే చేసేస్తామని ఎంతో మామూలుగా చెప్పారు. తరువాత వచ్చిన బళ్లలో సరిగ్గా అలాంటి పలకే ఫ్యాక్టరీలో బిగించి వచ్చింది, కానీ ఆయనకు ఒక్క షిల్లింగు కూడా ముట్టలేదు. ఆ అన్యాయం తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

బ్యాటరీల సంగతీ ఇంతే. ఖాళీ అయిన బ్యాటరీ తీసుకుని ఛార్జి చేసినది ఇచ్చే ఒక కంపెనీ మార్పిడి కేంద్రంలోని బ్యాటరీ మరొక కంపెనీ బైకుకు సరిపోదు కాబట్టి, బండి కొన్నవాడు ఆ కంపెనీ కేంద్రాలున్న దారుల్లోనే తిరగవలసి వస్తోంది. పెద్ద హోటళ్లలో స్వచ్ఛ రవాణా సదస్సులు జరుగుతూనే ఉంటాయి. నేను వెళ్లిన ఏ సదస్సులోనూ బండి నడిపేవాడికి వేదిక మీద కుర్చీ వేయలేదు.

కాబట్టి ఒప్పందపత్రంలో ఈ షరతులు రాయించండి: సహకార సంఘానికి కంపెనీలో వాటా ఉండాలి, ఫ్రేము డ్రాయింగులను స్థానిక వెల్డర్లకు ఇవ్వాలి, వారు సూచించిన మార్పును తయారీలో వాడుకుంటే ప్రతి బండికీ ఇంత అని వారికి చెల్లించాలి. ఈ షరతులకు ఒప్పుకున్న పెట్టుబడిదారుతోనే తరువాతి సమావేశానికి కూర్చోండి.