పాట్స్ ఉంది, ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, చేతికి 62 వేలు వస్తుంది. నిరుడు పాట్స్ (POTS) అనే జబ్బు ఉందని తేలింది. నిలబడితే గుండె దడ, కళ్లు తిరగడం. మందులతో కలిపి నెల ఖర్చు 40 వేలు. బ్యాంకులో 4 లక్షలున్నాయి. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. తెలిసిన ఏజెంటు జబ్బు సంగతి రాయకుండా క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ తీసుకోమంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఆ పాలసీ వద్దు. రాజీనామా కూడా ఇప్పుడే వద్దు.

పాట్స్‌లో బీపీ పెద్దగా పడిపోదు. కానీ లేచి నిలబడ్డ పది నిమిషాల్లోపే గుండె వేగం నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. చూడ్డానికి బాగానే ఉంటారు కాబట్టి ఇంట్లోవాళ్లే ‘ఏం కాలేదులే’ అంటుంటారు. మీ బాధ నిజం, దాని ఖర్చూ నిజం. ఆ ఖర్చులో ఎక్కువ భాగం డాక్టర్ ఫీజులు, పరీక్షలు, మందులే. ఆస్పత్రిలో చేరితేనే డబ్బిచ్చే మామూలు పాలసీ వీటికి పనికిరాదు. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ అయితే క్యాన్సర్, గుండెపోటు లాంటి జాబితాలోని జబ్బులకే డబ్బిస్తుంది. పైగా ఉన్న జబ్బు దాచారని తేలితే క్లెయిమ్ తిరస్కరిస్తారు, పాలసీ రద్దు చేయొచ్చు.

అయినా ఆస్పత్రిలో చేరాల్సి వస్తే ఆదుకోవడానికి సొంత ఆరోగ్య బీమా ఉండాలి. పాట్స్ సంగతి స్పష్టంగా రాసి ఉద్యోగంలో ఉండగానే దరఖాస్తు చేయండి. 2024 నిబంధనల ప్రకారం ముందునుంచీ ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బుకు డబ్బివ్వని కాలం) మూడేళ్లు మించకూడదు. ఆ కాలం గడిచేదాకా ఆఫీసు గ్రూపు పాలసీ (ఉద్యోగులందరికీ కలిపి కంపెనీ తీసుకునే బీమా) కాపాడొచ్చు. చాలా గ్రూపు పాలసీల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది, మీదాంట్లో ఉందో లేదో హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడగండి. కొత్త పాలసీ దొరక్కపోతే, మానేసే ముందు గ్రూపు పాలసీని అదే బీమా కంపెనీలో సొంత పాలసీగా మార్చుకోవచ్చా అనీ అడగండి. ఒప్పుకోవడం, ప్రీమియం పెంచడం వాళ్ల చేతిలో ఉంటుంది. ఒప్పుకుంటే మాత్రం గ్రూపులో గడిచిన కాలం వెయిటింగ్‌లో కలిసొస్తుంది.

టెస్టింగ్ కూర్చుని చేసే పని కాబట్టి ముందు ఇంటి నుంచి పని అడగండి. కుదరకపోతే జీతం లేని సెలవు అడగండి, రాజీనామా కంటే అదే నయం. మీ 4 లక్షలు పది నెలలకు సరిపోతాయి. వాటిని షేర్లలో పెట్టకండి, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. నెలనెలా మిగిలే 22 వేలల్లో ప్రీమియం పోను మిగిలినదీ అక్కడికే వెళ్లాలి. కనీసం ఏడాది ఖర్చు, అంటే 4.8 లక్షలు, జమయ్యాక మానేయడం గురించి ఆలోచించండి.

ప్రపోజల్ ఫారం (బీమా దరఖాస్తు) మీరే నింపండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఏజెంటుకు ఇవ్వకండి. దాని కాపీ, మీ టెస్టు రిపోర్టులు ఒకే ఫైల్లో దాచుకోండి.