బోర్డు ఎందుకు కారిందని అడిగిన అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది పరకాల. మా బిడ్డ హనుమకొండలో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్‌లోకి వచ్చింది. మొన్న ఎండాకాలం మా దుకాణంలో షార్ట్ సర్క్యూట్ అయి కరెంటు బోర్డు కరిగి కారింది. అప్పటి నుంచి ప్లాస్టిక్ మండకుండా వేసే ఖనిజాల పూతల గురించే చదువుతానంటోంది. చుట్టాలేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయాలి సార్?

జవాబు: ముందైతే ఆమెను ఆపకండి. ఇంట్లో అందరూ నష్టం లెక్కేసుకునే వేళ బోర్డు ఎందుకు కారిందని ఆలోచించిన పిల్ల ఆమె.

ఈ పూతల్లో బాగా వాడే ఖనిజం అల్యూమినియం హైడ్రాక్సైడ్. చూడ్డానికి ముగ్గుపిండిలా ఉంటుంది. పొడిపొడిగా ఉన్నదాన్నే టెస్ట్‌ట్యూబ్‌లో పోసి బర్నర్ మీద పెడితే, కాసేపటికి గొట్టం పైభాగాన నీటిచుక్కలు కనిపిస్తాయి. 200 డిగ్రీలు దాటాక ఆ పదార్థమే విడిపోయి నీరు వదులుతుంది. 100 గ్రాముల పొడికి దాదాపు 35 గ్రాముల నీరు! అలా విడిపోవడానికి మంట వేడినే లాక్కుంటుంది. ఆవిరేమో మండే వాయువులను పలచన చేస్తుంది.

చిక్కల్లా ఎంత కలపాలన్న దగ్గరే. ప్లాస్టిక్‌లోనే కలిపితే బరువులో సగానికి పైగా ఈ పొడే పోయాల్సి వస్తుంది, అప్పుడు వంచితే పుటుక్కున విరుగుతుంది. పోనీ పైపూతగా వేద్దామంటే, పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్‌లకు పూత సరిగా అంటదు, పెచ్చులూడుతుంది. అందుకే పూత మీద బ్లేడుతో గళ్లు గీసి, టేప్ అంటించి లాగి, ఎన్ని గళ్లు ఊడాయో లెక్కపెడతారు. ఆ తర్వాత మంట పరీక్ష. ప్లాస్టిక్ ఎంత త్వరగా ఆరిపోతుందో తేల్చే యూఎల్-94 పద్ధతిలో నిలువుగా బిగించిన ముక్కకు 10 సెకన్ల చొప్పున రెండుసార్లు మంట పెడతారు. ఈ పరీక్షలో మేటి గ్రేడైన వీ-జీరో రావాలంటే ముక్క ప్రతిసారీ 10 సెకన్లలోపు ఆరిపోవాలి, కింద పరిచిన దూది అంటుకోకూడదు. ఫెయిలైతే మళ్లీ మొదటికే. ఈ ఓపిక ఉన్నవాళ్లకే ఇందులో విలువ.

కేబుళ్లు, స్విచ్చులు, పెయింట్లు, రైలు బోగీల ప్యానెళ్లు, ఈవీ బ్యాటరీ పెట్టెలు తయారుచేసే చోట ఈ పని తెలిసినవాళ్లు కావాలి. ఇంటి దగ్గరే ఉద్యోగం కావాలంటే మాత్రం కష్టం. హైదరాబాద్‌కో, ఇంకా దూరమో పంపడానికి మీరు సిద్ధపడాలి.

త్వరగా సంపాదన కావాలంటే హైదరాబాద్ చర్లపల్లిలో ఉన్న కేంద్ర ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సిపెట్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా మేలు, మెషీన్ల మీద చేయి తిరుగుతుంది. కొత్త పూతలు తానే తయారుచేయాలనుకుంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. కాకతీయ యూనివర్సిటీకి రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి, వరంగల్ నిట్‌కు జాతీయ స్థాయి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాయాలి. ఆమె ఆసక్తి చూస్తే నేను ఎమ్మెస్సీ వైపే మొగ్గుతాను. బీఈడీ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేయొచ్చు.

ఈ వారమే లెక్చరర్‌ను అడిగి ఆ టెస్ట్‌ట్యూబ్ ప్రయోగం తన చేత్తో చేయమనండి. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి, ఆ తేదీ మీద మీరు కన్నేసి ఉంచండి.